ఆర్కేడ్ బటన్‌లో బల్బ్ తీసి ఎల్ఈడీ పెడితే, ఆఫ్‌లో కూడా ఎందుకు వెలిగింది?

ఈరోజు ఒక చిన్న రిపేర్ గురించి మాట్లాడుకుందాం. చిన్నదే అని మొదట్లో నేనూ అనుకున్నా. గేమ్ సెంటర్లలో పెద్ద మెషీన్ల మీద రంగురంగుల బటన్లు వెలుగుతుంటాయి కదా, వాటిల్లో కొన్నింటి లోపల పాత ఫిలమెంట్ బల్బులు ఉంటాయి. అవి తీసేసి ఎల్ఈడీలు పెట్టాలి. చూసేవాళ్లకి 2 నిమిషాల పని. బల్బ్ లాగాలి, ఎల్ఈడీ గుచ్చాలి, అంతే. నాకు 3 వారాలు పట్టింది. మధ్యలో ఒక శనివారం సాయంత్రం కలెక్షన్ కూడా పోయింది. పోయింది నా డబ్బు కాదు, వేరే ఆయన డబ్బు. అందుకే ఈ ఎపిసోడ్.

మెషీన్ ఎక్కడిది?

నా పాత వీడియోలు చూసినవాళ్లకి తెలుసు, బీటెక్ అయ్యాక నేను కూడా అందరిలాగే అమీర్‌పేటలో దిగాను. మైత్రీవనం పక్క సందులో హాస్టల్, పొద్దున జావా క్లాసు, మధ్యాహ్నం ప్రాక్టీసు, సాయంత్రం ఏం చేయాలో తెలియదు. జేబులో డబ్బులుంటే పంజాగుట్ట వైపు నడిచేవాళ్లం. అక్కడ ఒక సందులో, మొదటి అంతస్తులో చిన్న గేమ్ సెంటర్ ఉంది. ఓనర్‌ని అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. ఉద్యోగం వచ్చింది, తర్వాత ఉద్యోగం వదిలేసి ఈ వీడియోల్లోకి వచ్చాను, కానీ అన్న దగ్గరికి వెళ్లడం మాత్రం మానలేదు.

మా చిన్నప్పుడు కాలనీల్లో వీడియో గేమ్ షాపులుండేవి, గుర్తుందా? రూపాయి బిళ్ల వేసి ముస్తఫా ఆడేవాళ్లం. దాని అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చింది. అందులో ఒక హీరో పేరు ముస్తఫా కాబట్టి మనకి ఆట పేరే ముస్తఫా అయిపోయింది. నేను ఆడిన ఆ డబ్బాల్లో బటన్లకి లైట్లు ఉండేవి కావు. మామూలు ప్లాస్టిక్ బటన్, కింద మైక్రోస్విచ్, అంతే. అన్న దగ్గరున్నది అలాంటిది కాదు. ఎక్కడో మూతపడిన గేమ్ జోన్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొన్న మెషీన్. దాని మీద 16 పెద్ద గుండ్రటి బటన్లు. ఏ బటన్ వెలిగితే దాన్ని వెంటనే కొట్టాలి. వెలగనిదాన్ని కొడితే పాయింట్లు పోతాయి. స్కోరును బట్టి టికెట్లు వస్తాయి.

ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈ ఆటలో లైటు అందం కోసం పెట్టింది కాదు. లైటే ఆట.

అన్న బాధ ఏంటి?

ఒకరోజు వెళ్తే అన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని మెషీన్ వెనకాల కూర్చున్నాడు. "తమ్మీ, బల్బులు మార్చుడే నా పనైపోయింది, వారానికి రెండు మూడు పోతున్నయ్" అన్నాడు. పోవూ మరి? లోపల ఉన్నది సన్నటి టంగ్‌స్టన్ తీగ. అది ఎర్రగా కాలుతున్నప్పుడు పైనుంచి పిల్లలు అరచేత్తో దబదబా బాదుతుంటే ఎన్నాళ్లు ఆగుతుంది? దానికి తోడు ఒక్కో బల్బు 3 వాట్లు. 3 వాట్లే కదా అనిపిస్తుంది, కానీ అరచేతిలో పట్టే మూసేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఆ వేడి మొత్తం అక్కడే ఉండిపోతుంది. తెల్ల బటన్లు పసుపు రంగుకి తిరిగాయి. రెండు బటన్ల మూతలు పెళుసైపోయి పగిలాయి.

"అన్నా, ఎల్ఈడీలు పెట్టేద్దాం, కరెంట్ బిల్లు కూడా తగ్గుతుంది" అన్నాను, పెద్ద తెలిసినవాడిలాగా.

ఇక్కడ ఒక లెక్క చూద్దాం. 16 బల్బులు, ఒక్కోటి 3 వాట్లు, మొత్తం 48 వాట్లు. అన్నీ ఒకేసారి వెలగవు, సగటున సగం వెలుగుతాయి అనుకుంటే 24 వాట్లు. రోజుకి 10 గంటలు నడిస్తే 0.24 యూనిట్. నెలకి 7 యూనిట్ల పైచిలుకు. షాపు కనెక్షన్‌లో యూనిట్ 10 రూపాయలు వేసుకున్నా నెలకి 72 రూపాయలు. అంతే! కరెంట్ బిల్లు కోసమే అయితే ఈ పని దండగ. అసలు లాభం బల్బు పోయినప్పుడల్లా మెషీన్ ఆపి, వెనక తలుపు తీసి, వేళ్లు కాల్చుకునే పని తప్పడం. ఆట ఆగకుండా నడవడం.

ఏం కొన్నాను?

బల్బు లాగి చూస్తే అడుగున లోహపు క్యాప్ లేదు. గాజునే చప్పగా నొక్కి, రెండు తీగలు బయటికి మడిచారు. దీన్ని వెడ్జ్ బేస్ అంటారు, సైజు టీ10. కార్లకి పార్కింగ్ లైట్లలో వాడేది ఇదే సైజు. అంటే ఇది దొరకని వస్తువేం కాదు. కారు యాక్సెసరీస్ షాపులో ఉంటుంది. నేను అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి, కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ ముట్టుకున్న ప్రతివాడూ ఏదో ఒకరోజు ఆ గల్లీలో తేలాల్సిందే. 12 వోల్టుల టీ10 ఎల్ఈడీలు 20 కొన్నాను, 4 ఎక్స్‌ట్రా.

కొనేటప్పుడు మూడు విషయాలు చూడాలి. ఒకటి, వోల్టేజ్. పాత బల్బు మీద రాసి ఉంటుంది. కొన్ని మెషీన్లలో 12, కొన్నింట్లో 6.3 వోల్టులు ఉంటాయి. 6 వోల్టులది 12కి పెడితే ఎక్కువ కాలం బతకదు. రెండు, పొడవు. ఈ గుండ్రటి బటన్లలో బల్బు, కదిలే భాగం లోపలికి దూరి ఉంటుంది. ఎల్ఈడీ పాత బల్బు కంటే పొడవుగా ఉంటే బటన్ నొక్కినప్పుడల్లా దానికి తగులుతుంది. మూడు, రంగు.

రంగు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఫిలమెంట్ బల్బు వెలుగులో ఎరుపు ఎక్కువ, నీలం చాలా తక్కువ. రంగు ప్లాస్టిక్ అనేది ఒక జల్లెడ లాంటిది, తన రంగును వదిలి మిగతాది ఆపేస్తుంది. మామూలు తెల్ల ఎల్ఈడీ అసలు తెల్లది కాదు. లోపల నీలం చిప్, పైన పసుపు ఫాస్ఫర్ పూత. ఆ నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఇలాంటి వెలుగులో ముదురు ఎరుపు తక్కువ ఉంటుంది. అందుకే ఎర్ర బటన్ కింద తెల్ల ఎల్ఈడీ పెడితే వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. పసుపు బటన్ నిమ్మకాయ రంగుకి వెళ్తుంది. నీలం బటన్ మాత్రం పాత బల్బు కంటే చాలా బాగుంటుంది. కాబట్టి ఎర్ర బటన్‌కి ఎర్ర ఎల్ఈడీ, నీలానికి నీలం, పసుపుకి వార్మ్ వైట్ తీసుకోండి. నేను అలాగే తీసుకున్నా. ఆ ఎర్ర ఎల్ఈడీల సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

శనివారం

గురువారం రాత్రి షాపు మూశాక పెట్టేశాను. మెయిన్ ప్లగ్ పీకి, పని మొదలుపెట్టాను. ఒక మాట, మీ మెషీన్‌లో పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్ ఉంటే ప్లగ్ పీకినా దాని దగ్గరికి చెయ్యి పోనివ్వకండి. ట్యూబ్‌లో వేల వోల్టులు నిలవ ఉండొచ్చు. బటన్ ప్యానెల్ వరకే మన పని.

సగం ఎల్ఈడీలు వెలగలేదు. కంగారు పడక్కర్లేదు. బల్బుకి ప్లస్ మైనస్ లేదు, ఎల్ఈడీకి ఉంది. లాగి, తిప్పి గుచ్చితే సరిపోతుంది. తర్వాత టెస్ట్ మెనూలోకి వెళ్లి ఆల్ ల్యాంప్స్ ఆన్ కొట్టాను. 16 బటన్లూ దీపావళిలా వెలిగాయి. ఫోటో తీసి స్టేటస్ పెట్టుకుని హాస్టల్ కుర్రాళ్లతో బిర్యానీ తినడానికి వెళ్లిపోయా. శుక్రవారం షాపుకి సెలవు.

శనివారం సాయంత్రం అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, ఆరిపోయిన బటన్ గూడ వెలుగుతున్నదేందే?"

వెళ్లి చూస్తే నిజమే. ఆఫ్‌లో ఉన్న బటన్లు కూడా మసక వెలుగులో ఉన్నాయి. గేమ్ సెంటర్‌లో ట్యూబ్‌లైట్లు తగ్గించి పెడతారు కదా, ఆ చీకట్లో అవి బాగానే కనిపిస్తున్నాయి. పిల్లలు వెలిగినట్టు కనిపించిన ప్రతి బటన్‌నీ కొడుతున్నారు, పాయింట్లు పోతున్నాయి. పదేళ్ల పిల్లాడొకడు తన టోకెన్లన్నీ పోగొట్టుకుని ఏడుస్తున్నాడు. వాళ్ల నాన్న "ఇది మోసం మెషీన్" అని అందరి ముందూ గొడవ పెట్టుకున్నాడు. అన్న అందరికీ టోకెన్లు తిరిగి ఇచ్చేశాడు. మెషీన్ ఆపి, అట్టముక్క మీద "పని చేయట్లేదు" అని రాసి అతికించాడు. వారంలో డబ్బులొచ్చే సాయంత్రాలు రెండే, శనివారం, ఆదివారం.

నా మీద అరవలేదు. ఒక్క మాటన్నాడు. "బల్బు పోతే ఒక్క బటనే పోతుండె. నీ ఎల్ఈడీలతోని మిషిన్ మొత్తం పోయింది."

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఈ తప్పుకి మా దగ్గర పేరుంది, హ్యాపీ పాత్ టెస్టింగ్. అన్నీ ఆన్ అయ్యాయా అని చూశా. అన్నీ ఆఫ్ అయ్యాయా అని చూడలేదు. ఆటలో రెండూ సమానమే.

ఆ వెలుగు ఎక్కడిది?

మీలో చాలామంది ఇంట్లో ఇది చూసే ఉంటారు. స్విచ్ ఆఫ్ చేశాక కూడా రాత్రిపూట ఎల్ఈడీ బల్బు మసగ్గానో, మిణుకుమిణుకుమనో కనిపిస్తుంది. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ లైటు ఉన్నచోట ఇది ఎక్కువ. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఆ ఇండికేటర్ గుండా కొంచెం కరెంట్ బల్బుకి వెళ్తూనే ఉంటుంది. పాత 60 వాట్ల బల్బు ఉన్నప్పుడూ వెళ్లేది, కానీ ఆ కొంచెం కరెంట్‌కి ఫిలమెంట్ వేడెక్కదు కాబట్టి మనకి తెలిసేది కాదు. ఎల్ఈడీ దాన్ని బయటపెట్టింది. మెషీన్‌లో జరిగింది కూడా ఇలాంటిదే.

ఆదివారం పొద్దున మల్టీమీటర్‌తో కూర్చున్నా. బటన్ ఆఫ్‌లో ఉంది. హోల్డర్‌లో పాత బల్బు పెట్టి కొలిస్తే అర వోల్టు. బల్బు తీసేసి, ఖాళీ హోల్డర్‌లో కొలిస్తే 12 వోల్టులు! మీటర్‌ని మిల్లీ ఆంప్స్‌లో పెట్టి, బల్బు ఉండాల్సిన చోట ప్రోబ్‌లు పెడితే 36 మిల్లీ ఆంప్స్. ఆఫ్‌లో 36 మిల్లీ ఆంప్స్ ఎక్కడినుంచి వస్తున్నాయి? ఓమ్స్ లా చాలు. 12ని 0.036తో భాగిస్తే సుమారు 330 ఓమ్‌లు. బోర్డు మీద వెతికితే ప్రతి ల్యాంప్ ట్రాన్సిస్టర్ పక్కనా ఆరెంజ్, ఆరెంజ్, బ్రౌన్ గీతల రెసిస్టర్ ఉంది. 330 ఓమ్‌లు. ట్రాన్సిస్టర్‌ని దాటుకుని కరెంట్ వెళ్లడానికి పక్కదారి.

ఎవరైనా పొరపాటున పెట్టారా? కాదు. తెలిసే పెట్టారు. ఫిలమెంట్ చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్, కాలుతున్నప్పటి దాంట్లో పదో వంతు దాకా తక్కువ ఉంటుంది. మన బల్బు వేడి మీద 48 ఓమ్‌లు, 0.25 ఆంప్స్ తీసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు 5 ఓమ్‌లు అనుకోండి, ఆన్ చేసిన క్షణంలో 2 ఆంప్స్ పైన లాగుతుంది. ట్రాన్సిస్టర్‌కీ దెబ్బ, ఫిలమెంట్‌కీ దెబ్బ. బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే టప్పుమని పోతాయి కదా, కారణం ఇదే. అందుకని ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా కొంచెం కరెంట్ పంపిస్తూ ఫిలమెంట్‌ని గోరువెచ్చగా ఉంచుతారు. కంటికి కనిపించదు, కానీ వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆన్ చేసినప్పుడు దెబ్బ తగ్గుతుంది. బల్బు కోసం చేసిన మంచి ఏర్పాటు అది.

ఇప్పుడు అదే చోట ఎల్ఈడీ పెట్టాం. లోపల 3 ఎల్ఈడీ చిప్‌లు వరసగా, ఒక చిన్న రెసిస్టర్. నీలం, తెలుపు చిప్ ఒక్కోటీ పూర్తిగా వెలగాలంటే 3 వోల్టుల పైన కావాలి. అంటే మూడింటికి 9.6 వోల్టుల దాకా. 12లో అది పోగా మిగిలిన 2.4 వోల్టులు రెసిస్టర్ల మీద పడతాయి. ఎల్ఈడీలో 120 ఓమ్‌లు, బోర్డు మీద 330, మొత్తం 450. భాగిస్తే 5 మిల్లీ ఆంప్స్ పైన. మామూలుగా ఇది 20 మిల్లీ ఆంప్స్‌తో వెలుగుతుంది. ఆఫ్‌లో దానికి నాలుగో వంతు కరెంట్ వెళ్తోంది. నాలుగో వంతు అంటే కంటికి తక్కువేం కాదు, చీకట్లో అయితే అసలే కాదు.

ఎలా సరిచేశాను?

రెండు దారులున్నాయి. ఒకటి, బోర్డు మీద ఆ 16 రెసిస్టర్లూ పీకేయడం. ఎల్ఈడీకి వెచ్చదనం అక్కర్లేదు కాబట్టి అది సరైన పనే. కానీ బోర్డు నాది కాదు, అది పాడైతే ఇంకోటి దొరకదు. రేపెవరో మళ్లీ ఫిలమెంట్ బల్బు పెడితే ట్రాన్సిస్టర్‌కి రక్షణ ఉండదు. అందుకే రెండో దారి పట్టాను. బోర్డు ముట్టుకోకుండా, ప్రతి బటన్ హోల్డర్ దగ్గర ఎల్ఈడీకి సమాంతరంగా ఒక రెసిస్టర్ సోల్డర్ చేయడం.

ఎంత విలువ పెట్టాలి? బోర్డు మీద 330 ఉంది, ఇక్కడా 330 పెడితే 12 వోల్టులు సగం సగం పంచుకుంటాయి. ఎల్ఈడీ దగ్గర 6 వోల్టులు మాత్రమే మిగులుతాయి. 3 చిప్‌లకి తలా 2 వోల్టులు. నీలం, తెలుపు చిప్ 2 వోల్టులకి వెలగదు. ఆన్ చేసినప్పుడు ఈ రెసిస్టర్ 0.44 వాట్లు తింటుంది కాబట్టి క్వార్టర్ వాట్ రెసిస్టర్ పెడితే మాడిపోతుంది. 1 వాట్‌ది తీసుకోండి, స్లీవ్ వేసి, ప్లాస్టిక్‌కి తగలకుండా పెట్టండి.

మళ్లీ కోఠి, మళ్లీ గుజరాతీ గల్లీ. అన్నీ సోల్డర్ చేసి, రెండో శనివారం రాత్రి ఆన్ చేశాను. ఈసారి ముందు ఆఫ్ చేసి చూశాను, లైట్లన్నీ ఆపేసి, చీకట్లో. 12 బటన్లు పూర్తిగా నల్లగా ఉన్నాయి. 4 ఎర్ర బటన్లు మాత్రం ఇంకా నిప్పు కణికల్లా కనిపిస్తున్నాయి!

ఎందుకో ఊహించారా? ఎర్ర చిప్‌కి 2 వోల్టుల దగ్గరే వెలుగు వస్తుంది. దానికి 3 అక్కర్లేదు. నేను లెక్క నీలానికి వేసి, ఎరుపుకి కూడా అదే పెట్టేశా. ఎర్రవాటికి 180 ఓమ్‌లకి దించితే ఆఫ్‌లో 4.2 వోల్టులే వస్తాయి, చిప్‌కి 1.4. అప్పుడు ఆరిపోయాయి. ఆన్‌లో ఈ రెసిస్టర్ 0.8 వాట్లు తింటుంది, అందుకే 2 వాట్లది వాడాను. ఇంకో వారం దీనికే పోయింది.

చివరి లెక్క ఇది. 16 బటన్లూ ఆన్‌లో ఉంటే ముందు 48 వాట్లు, ఇప్పుడు సుమారు 12. రెసిస్టర్లు లేకుంటే 4 వాట్లే అయ్యేది. అంటే ఎల్ఈడీ ఆదాలో కొంత మళ్లీ వేడి కిందే పోగొట్టుకున్నాం. ఫర్వాలేదు, ఎందుకంటే ఆ లాభం నెలకి పది, పదిహేను రూపాయలు కూడా చేయదు. ఆట సరిగ్గా నడవడమే ముఖ్యం.

మీరు చేసేముందు

మీ దగ్గర ఇలాంటి మెషీన్ ఉంటే ఈ వరసలో వెళ్లండి.

ముందు, ఆ లైటు ఎప్పుడూ వెలిగే ఉండేదా, బోర్డు ఆన్ ఆఫ్ చేసేదా చూడండి. ఎప్పుడూ వెలిగేదైతే పని సులువు, వోల్టేజ్ కలిస్తే చాలు.

రెండు, డీసీనా ఏసీనా కొలవండి. పాత పిన్‌బాల్ లాంటి వాటిల్లో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నేరుగా 6.3 వోల్టుల ఏసీ వస్తుంది. మామూలు ఎల్ఈడీ దాని మీద వణుకుతుంది. లోపల బ్రిడ్జ్ ఉన్న రకం అడగండి.

మూడు, ఖాళీ హోల్డర్‌లో, ఆఫ్‌లో ఉన్నప్పుడు మిల్లీ ఆంప్స్ కొలవండి. దాదాపు సున్నా అయితే హాయిగా ఎల్ఈడీ పెట్టుకోండి. పదుల్లో ఉంటే నా కథ గుర్తు తెచ్చుకోండి.

నాలుగు, ఒకేసారి 20 కొనకండి. రంగుకి ఒకటి చొప్పున కొని, ఒక రోజు ఆడించి, చీకట్లో చూసి, అప్పుడు మిగతావి కొనండి. కారు ఎల్ఈడీల్లో క్యాన్‌బస్ అని రాసినవాటిలో ఇలాంటి రెసిస్టర్ లోపలే ఉంటుంది. కొన్నిచోట్ల అది చాలు, కానీ అవి బాగా వేడెక్కుతాయి, మూసేసిన బటన్‌లో జాగ్రత్త.

ఐదు, వెలుగు మధ్యలోనే చుక్కలా పడుతుంటే, ఎల్ఈడీ గోపురాన్ని సన్నటి ఎమరీ పేపర్‌తో రుద్దండి. ఫిలమెంట్ అన్నివైపులా వెలుగిస్తుంది, ఎల్ఈడీ ఎక్కువగా ముందుకే వేస్తుంది. రుద్దితే వెలుగు పరుచుకుంటుంది.

పాత బల్బులు పారేయకండి. నేను పని చేస్తున్నవి ఒక కవర్‌లో వేసి, పైన వోల్టేజ్ రాసి, మెషీన్ తలుపు లోపల కట్టాను. పక్కన ఒక కాగితం మీద ఏ బటన్‌కి ఎంత రెసిస్టర్ పెట్టానో రాశాను, తర్వాత తెరిచేవాడికి తెలియాలి కదా.

అట్టముక్క తీసేసే ముందు అన్న ఒక షరతు పెట్టాడు. నేను కాదు, ఆయన చెప్పిన పిల్లలు ఆడి చూడాలి. కింద టిఫిన్ సెంటర్ వాళ్ల అబ్బాయిని, వాడి చెల్లిని పిలిచాడు. ఇద్దరూ పది ఆటలు ఆడారు, టోకెన్లు నా ఖర్చు. వెలగని బటన్ ఒక్కసారి కూడా కొట్టలేదని చెప్పను, చెల్లి రెండుసార్లు కొట్టింది. కానీ అది తన తొందర, నా ఎల్ఈడీ కాదు. ఆ శనివారం టోకెన్ల డబ్బు ఇస్తానంటే అన్న తీసుకోలేదు. "ఇంకో మిషిన్ ఉన్నది, దాని బటన్లు గూడ చూడు" అన్నాడు.

అది ఏసీ మీద నడిచే మెషీన్. వచ్చే ఎపిసోడ్‌లో దాని సంగతి చూద్దాం. ఈసారి ముందు ఆఫ్ చేసి కొలుస్తా. మీ దగ్గర ఇలాంటి పాత మెషీన్లు ఉంటే, ఏ లైటు మిమ్మల్ని ఏడిపించిందో రాయండి. ఉంటాను మరి.